డెబ్బై నాలుగు కిలోల స్ప్రింగులు

కిందటి వారం శ్రీసత్యని నీళ్ల ట్యాంకు మలుపులో పడేసి మన దారిన మనం వచ్చేశాం. చదివినవాళ్లు తిట్టుకునే ఉంటారు. కంగారు పడకండి, ఆ అమ్మాయికి పెద్ద దెబ్బలేం తగల్లేదు. మోచేయి దోక్కుపోయింది, రైడింగ్ సూటు భుజం దగ్గర చిరిగింది, అంతే. అసలు దెబ్బ మొగుడి నోటి నుంచి తగిలింది. ఆనందపురం అవతల, ప్లాట్లు అమ్ముడుపోక తారురోడ్లు మాత్రమే మిగిలిన ఆ లేఅవుట్లో, కుంటుకుంటూ వచ్చిన నాగవంశీ ముందు బండిని లేపాడు, తర్వాత పెళ్లాన్ని లేపాడు. లేపి, "నువ్వు బయపడతన్నావ్ సత్యా. అందుకే మలుపులో బండి బయటికి పోతంది" అన్నాడు.

ఈ వారమే మనతో కలిసినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నాగవంశీ ఒకప్పుడు విశాఖలో బండి నడిపే కుర్రాళ్లందరూ పక్కకి తప్పుకుని దారిచ్చిన మనిషి. ఆరేళ్ల కిందట తొట్లకొండ దగ్గర బీచ్ రోడ్డు మలుపులో పడ్డాడు. ఎడమ మోకాలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఆ రోజు నుంచి బండెక్కలేదు. గోపాలపట్నంలో షెడ్డు పెట్టుకుని ఊళ్లోవాళ్ల బళ్లకి షాకబ్జార్లు సరిచేస్తాడు, ఇంటికి ఆటోలో వెళ్తాడు. శ్రీసత్య అతని మేనత్త కూతురు. అతను పడ్డ మరుసటి ఏడాది, ఇంట్లోవాళ్లు మరోసారి ఆలోచించుకోమన్నా వినకుండా అతన్నే చేసుకుంది. మద్దిలపాలెంలో కళ్లద్దాల షాపులో ఉద్యోగం. మూడేళ్ల కిందట సరదాగా హ్యాండిల్ పట్టుకుంది గానీ అది సరదాగా మిగల్లేదు. ఆమె నడుపుతుంది, అతను బండిని సరిచేస్తాడు. ఈ ఆదివారం భోగాపురం దారిలోని ట్రాక్ మీద, ఏడాదికోసారి హైదరాబాద్ నుంచి వచ్చే రేసింగ్ జట్టు ఆడవాళ్లలో ఒక్కరిని ఎంచుకుంటుంది. ముప్పై నిండితే తీసుకోరు. సత్యకి ఇరవై తొమ్మిది నిండాయి. అంటే ఆమెకి ఉన్నది ఈ ఒక్క ఆదివారమే.

ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం.

సత్య షాపులో సగం రోజు సెలవు పెట్టి బండి తీసింది. భయం అన్న మాట రెండు రోజులుగా పంటి కింద రాయిలా ఉంది. ఆమెకి భయం వేసి ఉంటే ఒప్పుకునేది. బ్రేకు పట్టింది, తల మలుపులోకి తిప్పింది, ఒళ్లు వంచింది, నేర్పినవన్నీ చేసింది. బండే ఆమె మాట వినలేదు. మొగుడి షెడ్డు ముందు నుంచే వెళ్తూ ఆగకుండా, రెండు వీధులు దాటి త్రినాథరావు ఇంటి ముందు ఆపింది.

త్రినాథరావు స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు హైడ్రాలిక్స్ ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వంశీకి పని నేర్పింది ఆయనే. ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులో ఆయన, ఆయన పానాలు. చేతికి ఎవరి బండొచ్చినా ఆయన ముందు బండి వైపు చూడడు. మనిషి వైపు చూస్తాడు.

"నీ బరువెంతమ్మా?" అని అడిగాడు. "సూటూ బూట్లూ హెల్మెట్టూ అన్నీ కలిపి సెప్పు."

సత్య తెల్లబోయింది. ఈ మూడేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. యాభై ఎనిమిది ఉండొచ్చు అంది. ఆయన తలూపి, వంటింటి వైపు తిరిగి చిలకమ్మని కేకేశాడు.

ఇది ఆయన ముప్పై ఏళ్ల పద్ధతి. బండి నిలువుగా ఉండాలి, మనిషి రెండు కాళ్లూ పైన పెట్టుకుని కూర్చోవాలి, మరొకరు వెనక నుంచి పట్టుకోవాలి, ఆయన టేపు పెట్టి కొలవాలి. ఆ పట్టుకునే మనిషి ఎప్పుడూ ఆయన భార్య చిలకమ్మే. ఈ చుట్టుపక్కల పందేల్లో గెలిచిన బళ్లు సగం ఆవిడ చేతుల మీదుగా వెళ్లినవే. అయినా ఆవిడకి ఈ రోజుకీ ఏ బండి పేరూ తెలీదు. చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, సత్య మోచేతి కట్టు చూసి నాలుక చప్పరించి, బండి తోక పట్టుకుంది.

సత్య సూటు వేసుకుని ఎక్కింది. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు గొట్టానికి త్రినాథరావు ఒక ప్లాస్టిక్ ట్యాగు కట్టాడు. మనిషి బరువు పడగానే స్ప్రింగు నొక్కుకుని బండి ముక్కు కాస్త కుంగుతుంది, ట్యాగు పైకి జరుగుతుంది. ఎంత జరిగిందో చూస్తే ఆ స్ప్రింగు ఈ మనిషికి సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. టేపు ఉంటే చాలు, కొలవాలన్న బుద్ధి ఉంటే ఇంకా చాలు.

ఆయన కొలిచాడు. మళ్లీ దిగమని, మళ్లీ ఎక్కమని కొలిచాడు. మూడోసారి కళ్లజోడు తుడుచుకుని కొలిచాడు.

"ముప్పై అయిదు మిల్లీమీటర్ల దాకా కుంగాలమ్మా. పద్దెనిమిది కాడ ఆగిపోనాది."

తర్వాత బండి ముందు భాగాన్ని జాకీ మీద లేపి, ఫోర్కు మూత విప్పి, లోపలి స్ప్రింగుని బయటికి లాగాడు. నూనె కారుతున్న స్ప్రింగుని గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ చివర దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఆకురాయితో పెట్టిన రెండు చిన్న గీతలున్నాయి. రెండో వైపు స్ప్రింగు కూడా తీశాడు. దానికీ రెండు గీతలే.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. త్రినాథరావు పట్టుకున్నాడు, ఎందుకంటే ఆ గీతలు ఆయన పెట్టినవే. ఏడేళ్ల కిందట ఒకే ఒక మనిషి కోసం చెన్నై నుంచి తెప్పించి, గుర్తుకి గీతలు పెట్టి, తన చేత్తో వేసిన స్ప్రింగులవి. ఆ మనిషి సూటుతో కలిపి డెబ్బై నాలుగు కిలోలు.

"ఇయ్యి వంశీవమ్మా" అన్నాడు ఆయన. ఆ మాట అనడం ఆయనకి ఇష్టం లేదని మొహమే చెబుతోంది.

సత్యకి వెంటనే అర్థం కాలేదు. పడిపోయిన ఆ పాత బండిని గాజువాకలో స్క్రాపుకి ఇచ్చేశానని వంశీ ఇంటిల్లిపాదికీ చెప్పాడు. తనకి బండి కొనేటప్పుడు మాత్రం అదే కంపెనీ, అదే మోడల్, రంగు కూడా అదే కావాలని నెల రోజులు తిరిగి వెతికి తెచ్చాడు. తన మీద ప్రేమ అనుకుంది. పాత స్ప్రింగులు అతికే బండి కోసమని ఇప్పుడు తెలుస్తోంది. త్రినాథరావు మెల్లగా విడమరిచి చెప్పాడు. బ్రేకు వేయగానే బండి ముక్కు వంగి ముందు టైరు మీద బరువు పడాలి, అప్పుడే అది రోడ్డుని పట్టుకుని మలుపు తిరుగుతుంది. ఈ స్ప్రింగులు ఆమె బరువుకి నొక్కుకోవు. ముక్కు పైకే ఉండిపోతుంది, బండి మలుపు వదిలి బయటికి పోతుంది.

"నువ్వు బయపడ్డం కాదమ్మా. నువ్వు పైన కూకున్నట్టు బండికే తెలట్లేదు" అన్నాడు.

సత్యకి కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దానికంటే ముందు పాత సంగతులు గుర్తొచ్చాయి. పదిహేనేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మేనమామ ఇంటి పిట్టగోడ మీద కూర్చుని, వీధి చివర వంశీ బండి వంగి లేవడం చూసేది. ఆ మనిషి కోసమే పెళ్లి చేసుకుంది. పెళ్లయ్యేసరికి ఆ మనిషి లేడు. మంచం పక్కన చేతికర్ర పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునే మరొకతను ఉన్నాడు. మూడేళ్ల కిందట ఆమె బండి నేర్చుకున్న రోజున, సాయంత్రం ఇంటికి రాగానే వంశీ లేచి కూర్చుని "ఎలగుంది?" అని అడిగాడు. ఆమె కళ్లలోకి చూస్తూ అడిగాడు. ఆ చూపు కోసం మర్నాడు మళ్లీ వెళ్లింది. ఆ మర్నాడు కూడా. ప్రతి సాయంత్రం ప్రతి మలుపునీ ఏరి తెచ్చి అతనికి వడ్డించింది. అతను అడుగుతున్నది తన గురించే అనుకుని మూడేళ్లు మురిసిపోయింది పిచ్చిపిల్ల.

ఫోన్ చేసి రమ్మంది. ఎందుకో చెప్పలేదు.

పావుగంటలో వంశీ ఆటో దిగాడు. బండి ముక్కు విప్పి ఉండటం, బల్ల మీద గుడ్డ పరిచి రెండు స్ప్రింగులూ పక్కపక్కన పెట్టి ఉండటం చూశాడు. త్రినాథరావు తెలివైనవాడు. ఇంకా భోజనం చేయలేదని, ఆకలేస్తోందని చెప్పి చిలకమ్మని వెంటబెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. నిజానికి ఆయన భోజనం పన్నెండింటికే అయిపోయింది.

వంశీ మొదట బుకాయించాడు. ట్రాక్ మీద బ్రేకులు గట్టిగా పడతాయి కాబట్టి స్ప్రింగులు కాస్త గట్టిగానే ఉండాలన్నాడు. పెద్ద రైడర్లంతా అలాగే వేయించుకుంటారన్నాడు. గురువుగారు పాతకాలం మనిషి అన్నాడు. సత్య అన్నీ విని, ఒక స్ప్రింగు తీసి అతని చేతిలో పెట్టి, గీతలున్న చివరని పైకి తిప్పింది. అంతే. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

పక్కనే రైలు పట్టాల మీద ఇనుపరాయి వ్యాగన్లు పోర్టు వైపు వెళ్తున్నాయి. ఆ రైలు వెళ్లేదాకా ఎవరూ ఏమీ మాట్లాడుకోడానికి లేదు. అది మంచిదే అయింది. రైలు పోయేసరికి వంశీ అబద్ధాలన్నీ అయిపోయాయి.

"బండంతా స్క్రాపుకిచ్చీసాను సత్యా. ఇయ్యి మాత్రం ఇవ్వలేకపోనాను" అన్నాడు.

"సరే, దాసుకున్నావ్. నా బండిలో ఎందుకేసావ్?"

వంశీ స్ప్రింగుని అటూ ఇటూ తిప్పాడు. చెప్పడానికి సిగ్గుపడుతున్నాడని ఆమెకి తెలుస్తూనే ఉంది. అయినా సాయం చేయలేదు.

"సాయంత్రం నువ్వొచ్చి సెప్తావు గదా" అన్నాడు చివరికి. "బ్రేకేసాను, ఇలగ వొంగింది, అలగ లేచింది అని. అయ్యి నా స్ప్రింగులైతే... ఆ మలుపులో నానూ ఉన్నట్టుంతాది."

నిజం చెప్పొద్దూ, ఈ మాట రాస్తున్నప్పుడు నాకు వంశీ మీద జాలేసింది. ఆరేళ్లుగా ఆ మనిషికి కలలో కూడా బండి చప్పుడే. షెడ్డుకి వచ్చిన ప్రతి బండినీ సరిచేసి, దాని మీద ఇంకొకడు వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఆశపడ్డాడు, అంతే. కానీ ఆశపడ్డది పెళ్లాం ప్రాణం పణంగా పెట్టి. అది మరిచిపోయేంత జాలి నాకూ లేదు, సత్యకీ లేదు.

"మా షాపుకెవరైనా వచ్చి, మా ఆయన అద్దాలు శానా బాగున్నాయి, నాకూ అదే నంబరు కొయ్యండీ అంటే మేం కొయ్యం బావా" అంది సత్య. "ఎందుకంటే పెట్టుకున్నోళ్లు కళ్లు తిరిగి పడతారు. నాను పడ్డాను. పడితే నువ్వేటన్నావ్? నాకు బయమన్నావ్."

వంశీ తల వంచుకున్నాడు. తప్పయిపోయిందన్నాడు. ఆమె ఆ మాట కోసం ఎదురు చూడటం లేదు.

"మూడేళ్లు నన్నడిగావ్, ఎలగుందీ ఎలగుందీ అని. నానేటి సెప్పానో నీకు గుర్తుందా? నీకు నీ బండి గుర్తొచ్చేది. నా బరువుతో ఆ బండి ఎలగ తిరుగుతాదో ఇంతవరకూ నాకే తెల్దు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే వంశీకి తేలికయ్యేది, దగ్గరికి తీసుకుని ఏదో ఒకటి చెప్పేవాడు. ఆమె బల్ల మీది గుడ్డ మడతపెట్టి, త్రినాథరావు గారూ భోజనం అయిందా అని లోపలికి కేకేసింది.

తర్వాత గంటన్నర పని జరిగింది. సత్య బరువుకి సరిపోయే స్ప్రింగులు తెప్పించాలంటే వారం పడుతుంది, ఆదివారం ఆగదు. త్రినాథరావు అటక మీద వెతికి ఒక చిన్న బండి స్ప్రింగులు దించాడు. అవి మెత్తనివే గానీ పొట్టివి. పొడవు చాలడానికి సమానంగా కోసిన రెండు ఇనుపగొట్టం ముక్కలు వాటి మీద పెట్టాడు. కొత్త నూనె పోశాడు. వెనక షాకబ్జార్ బిగువు రెండు చుట్లు వదులు చేశాడు. ఆ కోతంతా వంశీయే కోశాడు. ఎవరూ చెప్పకుండానే రంపం అందుకున్నాడు, ఎవరూ వద్దనలేదు.

కొలిచే వేళకి చిలకమ్మ కునుకు తీస్తోంది. త్రినాథరావు ఆమెని లేపలేదు. తనే బండి తోక పట్టుకుని, టేపు వంశీ చేతిలో పెట్టాడు. కొలవాలంటే కిందకి కూర్చోవాలి. వంశీ ఎడమ కాలు చాచి, నేల మీద చతికిలబడి, భార్య బూటు పక్కనుంచి చెయ్యి పోనిచ్చి టేపు పెట్టాడు. సత్య రెండు కాళ్లూ పైకి లేపుకుని కదలకుండా కూర్చుంది. ట్యాగు జరిగి ఆగింది.

ముప్పై నాలుగు.

వంశీ ఆ అంకె పైకి చదివి అలాగే కూర్చుండిపోయాడు. ఇంతమంది బళ్లు కొలిచాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఈ మనిషిని ఒక్కసారి కూడా కొలవలేదు. ఆమె తన కంటే పదహారు కిలోలు తక్కువని కంటికి కనిపిస్తూనే ఉంది, అయినా అతనికి కనిపించలేదు. ఆమె మొహంలోకి చూద్దామని తలెత్తాడు గానీ ఆమె అప్పటికే హెల్మెట్ పెట్టుకుని అద్దం దించేసింది.

అడవివరం దాకా వెళ్లొస్తానని చెప్పి బయల్దేరింది. సింహాచలం కొండ పక్కగా వెళ్లే ఆ రోడ్డులో మలుపులున్నాయి, ఆ వేళప్పుడు బస్సులు తక్కువ. మామూలుగా వెళ్లి రావడానికి ఇరవై నిమిషాలు. వంశీ షెడ్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. ప్రతి మలుపూ అతనికి తెలుసు. ఇప్పుడు ఇక్కడ ఉంటుంది, ఇప్పుడు గేరు దించుతుంది అని లెక్కపెట్టుకున్నాడు. కాసేపటికి లెక్క తప్పింది. ఆ బండి ఇప్పుడు ఎలా వంగుతుందో అతనికి తెలియదు. తన చేత్తో సరిచేసిన బండి గురించి తనకి తెలియకపోవడం ఇదే మొదటిసారి. ఆ తెలియకపోవడం ఎంత నొప్పిగా ఉందంటే, చేత్తో మోకాలు రుద్దుకున్నాడు, నొప్పి అక్కడ లేకపోయినా.

నలభై నిమిషాలకి వచ్చింది. బండి ఆపి, స్టాండు వేసి, హెల్మెట్ తీసింది. జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. ఆ మొహం వంశీ ఎరుగును. అద్దంలో చూసుకున్నాడు ఒకప్పుడు. లోపల ఏదో దొరికి, అది ఇంకా ఎవరికీ చెప్పని మనిషి మొహం అది.

నోరు ఊరుకోదు కదా. "ఎలగుంది?" అన్నాడు.

సత్య గ్లోవ్స్ ఒక్కొక్క వేలూ లాగి తీసింది. చెప్పబోయింది. మూడేళ్ల అలవాటు, మాటలు నాలుక చివరిదాకా వచ్చేశాయి. అడవివరం దగ్గర పెద్ద మలుపులో బ్రేకు వేయగానే బండి ఎలా తలవంచిందో, తను ఎటు చూస్తే అటు ఎలా వెళ్లిందో, రెండోసారి తిరిగి వెళ్లి మళ్లీ అదే మలుపు ఎందుకు తిరిగిందో, అన్నీ చెప్పాలని ఉంది. ఈ భూమ్మీద ఆ సంగతి అర్థం చేసుకోగల మనిషి ఈ ఒక్కడే. అందుకే ఆపుకుంది.

"సెప్పను బావా" అంది. "ఇది నాది. ఒగ్గీ, ఇంక అడక్కు."

ఆమె షెడ్డు మూల చూపించింది. అక్కడ త్రినాథరావు కూరలు తెచ్చుకోడానికి వాడుకునే స్కూటర్ ఉంది. గేర్లు లేనిది, ఎడమకాలితో పని లేనిది.

"ఎలగుంతాదో తెలాలంటే నువ్వే ఎక్కి సూసుకో. ఆదివారం నువ్వు రావాలంటే ఆ స్కూటర్ మీద భోగాపురం రా. ఆటోలో వచ్చీదయితే రావద్దు. నాను గురువుగారితో ఎల్లిపోతాను."

"మోకాలు వొంగదు సత్యా" అన్నాడు వంశీ. ఆరేళ్లుగా అందరి దగ్గరా చెల్లిన మాట.

"స్కూటరుకి మోకాలితో ఏటి పని బావా?"

చిన్న ప్రశ్నే. అతని తల్లి అడగలేదు, త్రినాథరావు అడగలేదు, ఆసుపత్రిలో డాక్టరు అడిగి జవాబు రాక ఊరుకున్నాడు. అందరూ జాలిపడి ఆగిపోయిన చోట సత్య ఆగలేదు. బండికి ఆనుకుని, చేతులు కట్టుకుని, జవాబు వచ్చేదాకా కదలనన్నట్టు నిలబడింది.

వంశీ ఇంటి గుమ్మం వైపు చూశాడు. లోపల త్రినాథరావు చిలకమ్మని లేపుతూ టీ పెట్టమంటున్నాడు. వంశీ బెంచీ మీద కాస్త పక్కకి జరిగి, ఆమెకి చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు. అతను గొంతు బాగా తగ్గించాడు.

"మోకాలు కాదు" అన్నాడు. "ఆ రోజు తొట్లకొండ కాడ నానొక్కడ్నే పడలేదు సత్యా."